మంగి అడిగిన మాట

భూషణం తాతకు డెబ్బై రెండేళ్లు. మరైగూడలో మా పక్కిల్లు ఆయనది. రెండెకరాల మిరపచేను, ఒక జత ఎడ్లు, రేకుల కప్పు వేసిన చిన్న చర్చి తాళంచెవి, ఇవే ఆయన దగ్గరున్నవి. పాస్టరుగారు నెలకొకసారి వస్తారు. మిగతా ఆదివారాలు వాక్యం చదివేది తాతే. చదవడమంటే ఇప్పుడు చదవడం కాదు. కళ్లకు పొరలు కమ్మి మూడేళ్లయింది. నోటికి వచ్చింది చెప్తాడు, రానిది నేను ముందురోజు చదివి వినిపిస్తే గుర్తుపెట్టుకుంటాడు.

నేను తొమ్మిదో తరగతిలో బడి మానేశాను. మా ఊరు తెలుగు రాష్ట్రానికి సరిహద్దు అవతల, అందుకే బడిలో చదివింది హిందీ. తెలుగు అక్షరాలు నేర్పింది తాతే, వాళ్ల వసారాలో కూర్చొని మిరపకాయల తొడిమలు తీసేటప్పుడు. అందుకే ఆయన కళ్లు మసకబారాక రాసే పని నాకు వచ్చింది. నలుగురిలో నాకు మాట పెగలదు. "రాసేటోళ్లకు నోరెందుకు బిడ్డా, చెవులుంటే చాలు" అనేవాడు తాత.

మేం రాసింది ప్రార్థనల పుస్తకం. భాష దోర్లీ, అంటే ఇక్కడి దోర్లా గిరిజనుల మాట, అక్షరాలు తెలుగు. విత్తనం చల్లే ముందు చెప్పుకునేది, బిడ్డ పుట్టినప్పుడు చెప్పుకునేది, జ్వరం వచ్చినప్పుడు, మనిషి పోయినప్పుడు చెప్పుకునేవి. మొత్తం పదకొండేళ్ల పని, మొదటి ఎనిమిదేళ్లు తాత చేత్తో, తర్వాత నా చేత్తో. మా చర్చికి దోర్లా వాళ్లూ వస్తారు. కానీ ప్రార్థన అయితే తెలుగులో, లేకపోతే హిందీలో. వాళ్లు తలలు వంచుకొని వింటారు, చివర్లో ఆమెన్ అంటారు. అది తాతకు నచ్చేది కాదు. కడుపులోని బాధ అరువు మాటల్లో బయటికి రాదని అనేవాడు.

ఆ పుస్తకంలో దేవుడు అని రావాల్సిన ప్రతిచోటా తాత 'పేన్' అనే పెట్టాడు. దోర్లా వాళ్లు దేవుణ్ణి పిలిచే మాట అది. ఇంటి వేల్పు పేనే, కొండ మీది వేల్పు పేనే, అందరికంటే పైన ఉన్నవాడూ పేనే. తెలుగు చెవికి మాత్రం అది తలలో పేనులాగే వినిపిస్తుంది.

తాతకూ ఒకప్పుడు అలాగే వినిపించింది.

అప్పుడు ఆయనకు ఇరవై నాలుగేళ్లు. చెర్ల వైపు నుంచి కూలికి వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. వానాకాలంలో ఒక బోధకుడు ఊళ్లు తిరుగుతూ వచ్చి, దోర్లీ తెలిసినవాళ్లు ఎవరని అడిగాడట. తాతకు సంతలో బేరమాడేంత దోర్లీ వచ్చు. వచ్చు అన్నాడు. ఇద్దరూ ఇల్లిల్లూ తిరిగి మంగి గుమ్మం దగ్గరికి వెళ్లారు. మంగి ఒళ్లో రెండేళ్ల పిల్ల ఉంది, పేరు ఇర్మె. పిల్లకు జ్వరం. మంగి పిల్ల తల నిమురుతూ, ఈ కొత్త మనుషుల మొహాలు చూసి ఏదో అడిగింది. ఆ మాటల్లో తాతకు తెలిసినట్టు అనిపించింది ఒక్కటే, పేన్. పిల్ల జుట్టులో తల్లి వేళ్లు కనిపిస్తూనే ఉన్నాయి. "పిల్ల తలలో పేలు పడ్డయంట అయ్యా, ఏమన్న మందుందా అంటంది" అని చెప్పాడు. బోధకుడి సంచిలో పంచడానికి తెచ్చిన సబ్బులు, దువ్వెనలు ఉన్నాయి. ఒక పేలదువ్వెన తీసి ఆమె చేతిలో పెట్టాడు. పేలు చూడమని అడిగేవాళ్లు కూడా ఉంటారా అని నవ్వాడట. తాతా నవ్వాడు. మంగి ఒకసారి వాళ్లిద్దరి వైపూ చూసి, దువ్వెన తీసుకొని లోపలికి వెళ్లిపోయింది.

మూడో రోజు ఇర్మె చనిపోయింది.

మరుసటి ఎండాకాలం బీడీల తునికాకు కోతకు వెళ్లినప్పుడు, మొదటి ఆకు తెంపే ముందు ఒక ముసలాయన చేతులు జోడించి పేన్‌ను పిలవడం తాత విన్నాడు. పక్కనున్నవాణ్ణి అడిగాడు, పేన్ అంటే ఏందని. వాడు చెప్పాడు. చెవిలో నిలిచిపోయిన మంగి మాటలు కూడా వాడికి వినిపిస్తే, ఆ రోజు ఆమె అడిగింది తాతకు అప్పుడు అర్థమైంది. "మీ పేన్ మా మాట వింటాడా?" అని అడిగింది ఆమె.

"ఆమె దేవుణ్ణి అడిగింది బిడ్డా. మేం దువ్వెన ఇచ్చి వచ్చినం." ఈ సంగతి నాతో చెప్పిన రోజు తాత ఇంకేమీ రాయించలేదు. కాసేపటికి మళ్లీ అన్నాడు, "మేం ప్రార్థన చేస్తే పిల్ల బతికేదని కాదు. అడిగినదానికి జవాబియ్యలే. అదీ."

ఆ తర్వాతే ఆయన దోర్లీ నేర్చుకున్నాడు, మేకల వెంట తిరిగి, ఇప్పపూల కాలంలో అడవిలో పడుకొని, చావుల దగ్గర కూర్చొని. మంగి ఇల్లు చెరువు అవతలే. రోజూ ఎదురుపడుతుంది. నలభై ఎనిమిదేళ్లలో ఆమెతో ఆ మాట మాత్రం ఎత్తలేదు.

పోయిన వానాకాలం చివర్లో జగదల్‌పూర్ నుంచి హరిబాబుగారు వచ్చారు. ప్రార్థన పుస్తకాలు అచ్చువేసే ఒక చిన్న కమిటీలో ఆయన సభ్యుడు. గనుల టౌన్‌షిప్‌లో పెరిగిన ఆంధ్రా మనిషి, మెత్తగా మాట్లాడతారు. వారం ముందు నేను నోటు పుస్తకం పేజీలు ఫోనులో ఫొటోలు తీసి పంపాను. ఆయన అన్నీ చదువుకొని వచ్చారు.

"మంచి పని చేశారండి. వేయి ప్రతులు వేద్దామని కమిటీ నిర్ణయం" అన్నారు. తాత చేతులు మోకాళ్ల మీద కదలకుండా ఉన్నాయి. "ఒక్కటే మార్పండి. ఆ పేన్ తీసేసి పరమేశ్వర్ అని పెట్టాలి. లేదంటే దేవుడు అని."

"ఎందుకండీ?"

"అది విగ్రహాల పేరు కదండీ. నిజమైన దేవుడికి ఆ పేరెలా పెడతాం? పైగా మన తెలుగు పిల్లలు చదివితే నవ్వుతారు. ప్రభువును పేను అంటారా అని."

"నేను గూడ నవ్వినోణ్ణే" అన్నాడు తాత.

హరిబాబుగారికి అర్థం కాలేదు. టీ గ్లాసులు తెచ్చిన ఉప్పలమ్మ అవ్వ, అంటే తాత భార్య, గ్లాసు ఆయన ముందు పెడుతూ, "పదకొండేండ్లు రాసిండు సారూ. ఆ రాత మీద పెట్టిన పాణం మిరపచేను మీద పెడితే ఈ ఇంటి రేకులకు సిల్లులు ఉండేవి కావు" అంది. తాత ఆమె వైపు తల తిప్పి, "నువ్వు పొయ్యి కాడికి పో" అన్నాడు. ఆమె పోలేదు, గడప మీద కూర్చుంది.

తాత దగ్గర ఒక పాత క్రైస్తవ సంఘ చరిత్ర పుస్తకం ఉంది. ఎప్పుడో ఒక పాస్టరు వదిలేసి వెళ్లిన పెట్టెలో దొరికింది, అట్ట లేదు, మొదటి పేజీలు లేవు. కళ్లున్న రోజుల్లో దాన్ని ఎన్నిసార్లు చదివాడో. అందులోంచే మాట్లాడాడు.

"దానియేలు, శమూయేలు, ఇశ్రాయేలు. ఈ పేర్ల చివర ఉన్న ఏలు ఏంది సారూ? దేవుడే గదా. ఆ మాట ఇశ్రాయేలు వాళ్లు పుట్టించిందా? వాళ్లకు ముందే కనాను దేశంలో ఉన్నోళ్లు వాళ్ల పెద్ద దేవుణ్ణి ఏల్ అని పిలిచిండ్రు. అదే మాటతోటి అబ్రాహాము ఇంటోళ్లు తమ దేవుణ్ణి పిలిచిండ్రు. మొదట ఆయన ఒక ఇంటి దేవుడు. మావోళ్ల ఇలవేల్పు తీరు. తర్వాత ఒక జాతి దేవుడైండు. దేవుని పెట్టె, అదే మందసం, దానికి కర్రలు పెట్టి భుజాల మీద మోసిండ్రు గదా, ఇక్కడ దేవుళ్లను కర్రల మీద మోసినట్టే. ఆఖరికి ఊరు పోయి, గుడి కాలి, పరాయి దేశంల బందీలై కూసున్ననాడు వాళ్లకు గట్టిగ తెలిసింది, మన దేవుడు మనొక్కళ్లకే కాదు, అందరికీ ఒక్కడే అని."

నేను వసారా మూలన కూర్చొని వింటున్నాను. ఊరు పోయి అన్నప్పుడు తాత గొంతు కొంచెం తగ్గింది. తుపాకుల భయంతో ఇక్కడి ఊళ్లు ఖాళీ అయిన ఏళ్లలో ఆయనా అవ్వా నది దాటి రెండేళ్లు గుడిసెలో ఉన్నారు. ఈ నోటు పుస్తకానికి ముందు ఇంకొకటి ఉండేదట, అది ఇంటితోపాటే పోయింది.

హరిబాబుగారు ఓపికగానే విన్నారు. "కాదనను. గ్రీకువాళ్లు తమ దేవుళ్లందరికీ వాడే మాటనే మన వాళ్లు కూడా తీసుకున్నారు. కానీ తీసుకున్నాక ఏమైంది? తండ్రి ఎవరు, కుమారుడు ఎవరు అని మూడు వందల ఏళ్లు తర్జనభర్జన. నైసియా అనే ఊళ్లో చక్రవర్తి బిషపులందర్నీ కూర్చోబెట్టాల్సి వచ్చింది. ఆ తర్వాత కూడా తెగలేదు. కుమారుడిది తండ్రి స్వభావమే అనాలా, తండ్రి లాంటి స్వభావం అనాలా? గ్రీకులో ఆ రెంటికీ ఒక్క అక్షరం తేడా. ఆ ఒక్క అక్షరం కోసం మనుషుల్ని దేశాలు దాటించారు. మాటలతో ఆడుకోకూడదండి."

"ఆడుకుంటలేను."

"సంగతి మీకూ తెలుసు. ఇప్పుడు ఊళ్లలో మతం గొడవలు ఎలా ఉన్నాయి? మా దేవుడి పేరు దొంగిలించారని మతం మారని దోర్లా వాళ్లు అంటే? కమిటీ భయం కూడా తప్పు కాదు కదా." ఆయన లేచి, దసరా అయ్యాక ఏ సంగతో ఫోనులో చెప్పమన్నారు. "మార్చితే వేయి ఇళ్లకు చేరుతుంది. మార్చకపోతే ఈ ఒక్క నోటు పుస్తకం. చెదలు ఉన్న ఊరు మనది" అన్నారు.

ఆయన వెళ్లాక తాత చాలాసేపు ఆ పుస్తకాన్ని ఒళ్లో పెట్టుకొని, పేజీల అంచులు బొటనవేలితో తడుముతూ కూర్చున్నాడు. మార్చితే వేయి ఇళ్లు. మార్చితే మంగి మాట ఉండదు. నాకు రెండూ నిజమే అనిపించాయి. ఆయనకూ అలాగే అనిపించి ఉంటుంది, ఆ వారం ఎడ్లకు నీళ్లు పెట్టడం రెండుసార్లు మరిచిపోయాడు.

సంతరోజు నన్ను తోడు తీసుకొని మస్తాన్ సాయిబు దగ్గరికి వెళ్లాడు. సాయిబు భద్రాచలం వైపు మనిషి. ప్రతి సంతకూ వచ్చి గొడుగులు, టార్చిలైట్లు బాగుచేస్తాడు. తాతకూ ఆయనకూ ముప్పై ఏళ్ల స్నేహం. దేవుడి గురించి వాదించుకోకుండా ఒక్క సంత కూడా గడవదు.

"రా భూషణమన్నా. ఇయ్యాల ముగ్గురు దేవుళ్లా, ఒక్కడేనా?" అన్నాడు సాయిబు, విరిగిన గొడుగు కమ్మిని పళ్లతో పట్టుకొనే.

"ఒక్కడే సాయిబూ. నీకు లెక్క రాక ముగ్గురు కనపడుతున్నరు."

"ఏమో మరి. అల్లాకు తొంభై తొమ్మిది పేర్లు లెక్కబెట్టినోళ్లం, మాకు లెక్క రాదా?"

తాత నవ్వలేదు. జరిగింది చెప్పాడు. సాయిబు కమ్మి పక్కన పెట్టి విన్నాడు. చివర్లో, "ఇది మా ఇంట్ల గూడ జరిగిన కథే" అన్నాడు.

"ప్రవక్త గారు రాకముందు మక్కాలో అల్లా అనే మాట లేదనుకుంటున్నవా? ఉంది. అందరికంటే పెద్దోడు అల్లా అనేటోళ్లు. కానీ పక్కన ఇంకా వేరే దేవుళ్లను పెట్టుకున్నరు. ప్రవక్త గారు కొత్త మాట తేలేదు. పాత మాటే. ఆయన తప్ప ఇంకొకడు లేడన్నరు, అంతే. అరబ్బు దేశాల మీ కిరస్తానీలు గూడ ఇయ్యాల్టికీ అల్లా అనే ప్రార్థన చేస్తరు, తెలుసా?"

"తెలుసు."

"తర్వాత మావోళ్లు గూడ తక్కువ తినలే. దేవుని పలుకు ఎప్పటినుంచో ఉన్నదా, ఆయన పుట్టించిందా అని కొట్లాట. ఒక పాదుషా అయితే తను చెప్పినట్టు ఒప్పుకోలేదని ఆలిమ్‌లను, అంటే మతం చదువుకున్న పెద్దలను, కొరడాలతోటి కొట్టించిండు. దేవుడు ఒక్కడే అన్నది తేలినా, ఎట్లాంటోడు అన్నది తేలాలె గదా. అది మాకూ తెగలే, మీకూ తెగలే." సాయిబు గొంతు తగ్గించాడు. "నీకు పనికొచ్చేది ఇంకోటుంది. ఒకసారి మక్కావోళ్లతోటి సంధి రాసుకుంటున్నరు. మొదట దేవుని పేరు రాయాలె. రహ్మాన్, అంటే దయగలోడు, అని రాయమన్నరు ప్రవక్త గారు. అవతలి పెద్దమనిషి, రహ్మాన్ ఎవడో మాకు తెల్వదు, మేం ఎప్పుడూ రాసే తీరుగ, అల్లా నీ పేరుతోటి అని రాయి అన్నడు. మావోళ్లంతా గుర్రుమన్నరు. అట్ల రాసేదే లేదన్నరు. ప్రవక్త గారు ఏమన్నరో తెలుసా? వాళ్లు చెప్పినట్టే రాయి అన్నరు."

తాత ముందుకు వంగాడు. "అంటే నన్ను గూడ మార్చమంటున్నవా?"

"నేనేమీ అనలే. కథ చెప్పిన. ఆ కథల రహ్మాన్ తెల్వదన్నది ఎవరు, నీ కథల తెల్వనోళ్లు ఎవరు, నువ్వే చూసుకో."

దారిలో తాత నా భుజం పట్టుకొని నడుస్తున్నాడు. చెరువు గట్టు దగ్గర ఆగిపోయాడు. "బిడ్డా, పరమేశ్వర్ అంటే ఎవరో మంగికి తెలుసా?" అని అడిగాడు. తెలియదన్నాను. "వాళ్లకు తెలిసిన మాటే రాయి అన్నడంట ఆయన." ఇంటి దారి వదిలి, గట్టు మీదుగా మంగి ఇంటి వైపు నడిపించమన్నాడు.

మంగి ముంగిట్లో చింతపండు గింజలు తీస్తోంది. ఆమెకు ఎనభై దాటి ఉంటాయి. చూపు బాగానే ఉంది, చెవులు ఇంకా బాగున్నాయి. కొడుకు హడ్మా ఊరి వడ్డె, అంటే వేల్పులకు కొలుపులు చేసే పూజారి. గోడకు ఆనుకొని తాడు పేనుతున్నాడు. అక్కడ జరిగిన మాటలన్నీ దోర్లీలోనే.

తాత నేల మీద కూర్చొని, నన్ను పుస్తకం తీయమన్నాడు. "అక్కా, మా ప్రార్థనల్ల పేన్ అని రాసిన. తీసెయ్యమంటున్నరు" అన్నాడు.

హడ్మా తాడు ఆపాడు. "తీసెయ్యాలె మరి. మా పేన్ మీ పుస్తకంల ఎందుకు? ఇన్నాళ్లు మనుషులను మీ చర్చికి తీసుకపోయిండ్రు, ఇప్పుడు పేరు గూడ తీసుకపోతరా?"

 అది కూడా నిజమేనని తాత మొహంలోనే కనిపించింది. మంగి గింజలు పక్కకు తోసింది. "ఆ మాట నీ అయ్య చేసిండారా? చెట్టు మీది తేనెపట్టుకు గుర్తు పెట్టుకున్నట్టు మాటకు గూడ గుర్తు పెడతవా?" అంది కొడుకుతో. తర్వాత తాత వైపు తిరిగింది. "నువ్వెందుకు రాసినవు తమ్మీ ఆ మాట? మీవోళ్లకు మీ మాట ఉంది గదా."

 తాత చెప్పాడు. వాన రోజు, బోధకుడు, ఒళ్లో పిల్ల. తను ఏం విన్నాడో, ఏమని చెప్పాడో, నవ్వింది కూడా చెప్పాడు. చెప్తున్నంతసేపూ తల ఎత్తలేదు.

 కోడి ఒకటి వచ్చి గింజల్లో ముక్కు పెడితే మంగి దాన్ని అదిలించలేదు. తర్వాత లేచి లోపలికి వెళ్లి, చూరులోంచి ఏదో తీసుకొచ్చి తాత అరచేతిలో పెట్టింది. తాత వేళ్లతో తడిమి చూశాడు. దువ్వెన. ఒక చివర పళ్లు నాలుగు లేవు.

"మంచి దువ్వెన" అంది మంగి. "వీని తల, వీని పిల్లల తలలు, వాళ్ల పిల్లల తలలు అన్నీ దీంతోటే దువ్విన. ఆ రోజు నువ్వు తప్పు చెప్పినవని నాకు అప్పుడే తెలుసు తమ్మీ. నీకు మా మాట రాదని నాకు తెల్వదా? కానీ మళ్ల వచ్చి చెప్తవేమో అని చూసిన. నువ్వు రాలే."

తాత బొటనవేలు ఆ పళ్లు లేని చోటే ఆగింది.

"ఇప్పుడు వచ్చినవు గదా. చెప్పు. వింటాడా?"

ఆయన పుస్తకం చదివిన మనిషి. చర్చిలో ఆ ప్రశ్నకు ఎన్నిసార్లు జవాబు చెప్పాడో నేనే విన్నాను. ఇప్పుడు అవేవీ చెప్పలేదు.

"ఎట్ల వింటడో నాకు తెల్వదక్కా. వినకపోతే ఇంతకాలం నేను ఎవరితోటి మాట్లాడిన్నో గూడ తెల్వదు. నీ మాటల్లనే అడుగుదాం."

జ్వరం వచ్చిన బిడ్డ కోసం చేసే ప్రార్థన పేజీ తీయమన్నాడు. నాకు నలుగురిలో గొంతు పెగలదని చెప్పాను కదా. అయినా చదివాను. పేన్ అని వచ్చిన ప్రతిచోటా మంగి తల ఊపింది. బిడ్డ పేరు చెప్పాల్సిన చోట నోటు పుస్తకంలో ఖాళీ ఉంటుంది. అక్కడ నేను ఆగాను.  మంగే అంది, "ఇర్మె."

హడ్మా అంతవరకూ గోడ దగ్గర నిలబడే ఉన్నాడు. కూర్చోలేదు, వెళ్లిపోనూ లేదు. ప్రార్థన అయ్యాక తాడు చేతిలోకి తీసుకొని, "ఒక మాట తప్పు పలికింది పిల్ల" అన్నాడు నన్ను చూపిస్తూ. ఏ మాటో చెప్పాడు. నేను అక్కడే దిద్దుకున్నాను.

దసరా అయ్యాక తాత నా చేత హరిబాబుగారికి ఫోను చేయించాడు. "మార్చనండీ" అన్నాడు.  "మీ ఇష్టమండి" అని ఆయన పెట్టేశారు. ఉప్పలమ్మ అవ్వ ఆ రోజంతా తాతతో మాట్లాడలేదు. సాయంత్రం మాత్రం దుకాణానికి వెళ్లి రెండు పెద్ద నోటు పుస్తకాలు కొనుక్కొచ్చి నా ముందు పడేసింది.

ఇప్పుడు రోజుకు మూడు పేజీలు ఎత్తి రాస్తున్నాను. ఒక ప్రతి కిష్టారం అనే ఊరికి వెళ్లింది. ఇది రెండోది. బిడ్డ పేరు రావాల్సిన చోట తాత అన్నిట్లోనూ ఖాళీ ఉంచమంటాడు, ఎవరి బిడ్డ పేరు వాళ్లు చెప్పుకోవాలి కాబట్టి. మా దగ్గరున్న అసలు పుస్తకంలో మాత్రం ఆ ఖాళీలో నేను ఇర్మె అని రాశాను. తాతకు కనిపించదు. చెప్తే, తన వేలు పట్టుకొని ఆ చోటు ఎక్కడో చూపించమన్నాడు.